సంచార జలాశయం

మా నాన్న నడిపే లారీ క్యాబిన్‌లో చేపలెందుకున్నాయని బడిలో పిల్లలు నన్ను అడుగుతుంటారు. నలుగురిలో మాట్లాడడం నాకు చేతకాదు. నిబంధనల ప్రకారమే ఉన్నాయని చెప్పి తప్పుకుంటాను. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ జవాబుతో ఎవరికీ తృప్తి కలగడం లేదు.

నాన్న పేరు తవిటినాయుడు. కొండప్రాంత సరఫరా సంస్థలో డ్రైవరు. గోదాములో బియ్యం, పప్పు ఎక్కించుకుని ఘాటు రోడ్డు మీదుగా కొండ మీది హాస్టళ్ళకు చేరుస్తాడు. అమ్మకి తమ్ముడు గవరయ్య మావయ్య అదే లారీకి క్లీనరు. మా బడి సరిగ్గా ఘాటు మొదలయ్యే చోట ఉంది కాబట్టి పొద్దున్నే నన్ను కూడా ఎక్కించుకుని అక్కడ దింపేస్తారు.

ఆ లారీ క్యాబిన్ వానకి కారుతుంది. కారిన నీళ్ళు ఇంకెక్కడైనా పడితే మేమూ పట్టించుకునేవాళ్ళం కాదు. అవి డాష్‌బోర్డు ఎడమ పక్కనున్న ఫ్యూజుల పెట్టె మీదే పడతాయి. ఫ్యూజులు తడిస్తే ముందు హెడ్‌లైట్లు పోతాయి, తర్వాత వైపర్లు ఆగిపోతాయి. వాన రోజుల్లో ఘాటులో మబ్బు రోడ్డు మీదికే దిగుతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో లైట్లు లేని లారీ. అందుకని వాన పడితే నేను క్యాబిన్ లోపల కూర్చుని ఫ్యూజుల పెట్టెకి గొడుగు పట్టేదాన్ని. నేను దిగిపోయాక మావయ్య పట్టేవాడు. ఇంటి దగ్గర అమ్మ, ఆకాశం నల్లబడిందంటే, మా లారీ హారన్ వినిపించేదాకా గుమ్మంలోంచి కదిలేది కాదు.

ఒక ఆదివారం ముగ్గురం కలిసి ఆ కంత ఎక్కడుందో వెతికాం. నాన్నకి ముందద్దం చుట్టూ ఉన్న రబ్బరు మీద అనుమానం. నేను ఇంట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చి, లోపలి పక్క అద్దం అంచుల పొడవునా, మూల కమ్మీల మీదా పొడిగా పూశాను. తడి తగిలితే ముగ్గు మీద గీత పడుతుంది. మావయ్య బయట నీళ్ళ గొట్టం పట్టుకున్నాడు.

"కింద నుంచి మెల్లగా పైకి రారా," అన్నాడు నాన్న లోపల్నుంచి. "ఒకేపాలి నెత్తి మీద పోసీసినావంటే ఏ కంతలోంచి దూరినాయో తెల్దు."

"అభిషేకం సేసీవోడికి ఆ మాత్రం తెల్దేటి బావా."

"అద్దం కాడ ఏటయినా వొచ్చిందేటి పాపా?"

"లేదు నాన్నా, పొడిగానే ఉంది."

గొట్టం అద్దం దాటి పైకప్పు మీదికి వెళ్ళింది. కాసేపటికి మూల కమ్మీ మీది ముగ్గులో సన్నగా ఒక గీత దిగింది. నాన్న పైకప్పు లోపలి అట్ట ఊడదీసి చూశాడు. క్యాబిన్ నుదుటి మీద వరసగా చిన్న లైట్లుంటాయి కదా, వాటి కింద రబ్బరు వాషర్లు చివికిపోయి ఉన్నాయి. నీళ్ళు అక్కడ దూరి, అట్ట వెనకాల నడిచి, కమ్మీ పట్టుకుని దిగి, ఫ్యూజుల పెట్టె మీద తేలుతున్నాయి.

"అక్కడ దూరీసి ఇక్కడ దిగుతంది, దీని పాడె కట్ట!" అన్నాడు మావయ్య.

"ఆడగుంట ముందర ఏటా మాటలు?" అని అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

వాషర్లు మార్చి, చుట్టూ కాస్త సీలు పేస్టు పూస్తే చాలు. అన్నం ఉడికే లోపు అయిపోయే పని. కానీ లారీ మాది కాదు, సంస్థది. అనుమతి లేకుండా సంస్థ వాహనానికి స్క్రూ కూడా తిప్పరాదని గోదాము గేటు మీద బోర్డు ఉంది. ఒక డ్రైవరు విరిగిన అద్దాన్ని తీగతో కట్టుకున్నందుకు, వాహనం ఆకృతిని మార్చాడని పక్కన పెట్టేశారు. అందుకని నాన్న అట్ట మళ్ళీ బిగించేసి, అనుమతి కోసం మేనేజరుగారికి అర్జీ పెట్టుకున్నాడు. వాన పడితే క్యాబిన్‌లో చీలమండ దాకా నీళ్ళు నిలుస్తున్నాయని అందులో రాశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాన చుక్క మహోద్యమం వచ్చింది. ప్రభుత్వ ఆస్తి మీద పడిన వాన చుక్క ఆ ఆస్తిలోనే ఆగాలి. ఆగే చోటును పూడ్చినా, వచ్చే దారిని మూసినా నేరం. ప్రతి కార్యాలయమూ తనదంటూ ఒక జలాశయాన్ని చూపించాలి. మేనేజరుగారి దగ్గర మట్టి లేదు. కిందటేడు దుమ్ము రహిత మహోద్యమం వచ్చినప్పుడు ఆవరణ అంతా సిమెంటు చేయించేశారు. పాపం, ఆయన నేల చూపులు చూస్తూ ఆవరణలో తిరుగుతున్న సమయంలో నాన్న అర్జీ వెళ్ళింది.

ఆయన స్వయంగా లారీ దగ్గరికి వచ్చారు. బడి సెలవు కావడంతో నేను సీట్లోనే ఉన్నాను.

"తవిటినాయుడూ, నీళ్ళు నిలుస్తున్నాయని రాశావు. నిలుస్తున్నాయా, వచ్చి పోతున్నాయా?"

"నిలిసిపోతన్నాయండి."

"ఎంతకాలం?"

"మేం తోడీసీదాకా అండి."

మేనేజరుగారు తలుపు పట్టుకున్నారు. "తోడేస్తున్నావా? ప్రభుత్వ జలాలను?"

"తోడకపోతే బ్రేకు కనపడదు కదండీ."

"ఇకమీదట తోడరాదు. ఈ క్షణం నుంచి ఇది లారీ క్యాబిన్ అనే దృష్టితో చూడకు. మన సంస్థకు ప్రకృతి ప్రసాదించిన జలవనరు అనే దృష్టితో చూడు."

"ఆయ్. మరి లైట్లు పోతన్నాయండి."

"జలాశయానికి లైట్లతో ఏం పని?" అని మేనేజరుగారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

మర్నాడు మనుషులొచ్చి క్యాబిన్ అడుగున సగం పూడుకుపోయి ఉన్న రంధ్రాలకు పూర్తిగా తారు కొట్టేశారు. తలుపుల దగ్గర రేకుతో గట్టు కట్టారు. తలుపు మీద 'సంచార జలాశయం' అని పచ్చరంగుతో రాశారు. మంచి వాన పడి నిండాక ప్రారంభోత్సవం జరిగింది. కొత్త నీటికి హారతివ్వాలి కదా. మేనేజరుగారు, ఆయన భార్య పట్టుబట్టలతో వచ్చి, మెట్టు మీద నిలబడి, పసుపూ కుంకుమా చల్లి, పూలు వేసి, చీరా గాజులూ నీళ్ళలో వదిలారు. ఆ సమయంలో జలాశయాన్ని ఖాళీ చేయకూడదన్నారు కాబట్టి నాన్న స్టీరింగు ముందు అలాగే కూర్చుని ఉన్నాడు. చీర వెళ్ళి క్లచ్చికి చుట్టుకుంది. నాన్న పాదాలకు వారం రోజులు పసుపు పోలేదు. పెళ్ళికొడుకు వచ్చాడని మావయ్య ఒకటే ఆటపట్టించేవాడు.

పేపర్లో ఫోటో పడింది. ఫోటో చూసి మలేరియా అధికారి వచ్చారు.

"నిల్వ నీరు దోమల ఉత్పత్తి కేంద్రం. ప్రతి శుక్రవారం డ్రై డే. పారబోయాలి," అన్నారాయన.

"ఒక్క చుక్క పారబోసినా మహోద్యమ ఉల్లంఘన," అన్నారు మేనేజరుగారు.

"నిల్వ ఉంచితే దోమల నిర్మూలన ఉల్లంఘన."

ఇద్దరూ ఇలా చాలాసేపు ఒకరినొకరు గౌరవించుకున్నారు. నాన్న రెండు చేతులూ కట్టుకుని, "కంత మూసీసుకుంటే ఇద్దరికీ బాగుంటాది కదండీ," అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే ఆయన వైపు చూశారు. డ్రైవర్లు విధాన విషయాల్లో తలదూర్చరాదని అక్కడికక్కడే ఏకాభిప్రాయం కుదిరింది. ఆ ఉత్సాహంలోనే రెండో విషయం కూడా తేలిపోయింది. దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపల్ని ఒక బకెట్టు తెచ్చి క్యాబిన్‌లో వదిలారు.

చేపలు చిన్నవే, వేలెడు కూడా ఉండవు. నాన్న కాలి వేళ్ళ చుట్టూ తిరిగేవి. నాన్న క్లచ్చి తొక్కేముందు కాలితో నీళ్ళు కదిపి, అవి తప్పుకున్నాక తొక్కేవాడు. అందువల్ల గేరు మార్చడం ఆలస్యమయ్యేది.

"నీకు బండి తోల్డం రాదు బావా, నువ్వు సెరువు కాపలాకి పనికొస్తావు," అనేవాడు మావయ్య.

"నోర్ముయ్‌రా, ఓటి సచ్చిపోతే జీతంలో కోస్తారు."

చేపలున్న నీరు కాబట్టి అది గుంట కాదనీ, వానాకాలంలో నిండి పొంగే అవకాశం ఉంది కాబట్టి పర్యవేక్షణ కావాలనీ పైవాళ్ళు గుర్తించారు. జలవనరుల ఇంజినీరుగారు వచ్చారు. ఆయన చాలా నెమ్మదస్తుడు. గేరు రాడ్డు మీద ఎర్రరంగుతో నీటిమట్టం గీతలు గీయించారు. ఒక గీత మొదటి ప్రమాద హెచ్చరిక, దాని పైది రెండో ప్రమాద హెచ్చరిక. తర్వాత తలుపుల్ని తట్టి చూసి వీటిని గేట్లుగా పరిగణించాలన్నారు.

"గేట్లు ఎత్తాలంటే ముందు నా అనుమతి తీసుకోవాలి. దిగువ ప్రాంతాల వారిని అప్రమత్తం చేయాలి. సైరన్ మోగించాలి. సైరన్ లేదు కాబట్టి హారన్ సరిపోతుంది."

"దిగువ పాంతం అంటే ఎక్కడండి?" అని మావయ్య అడిగాడు.

ఇంజినీరుగారు తలుపు కింద నేల వైపు చూపించారు. అక్కడ ఆయన బూట్లే ఉన్నాయి. వాటిని చూసి ఒకడుగు వెనక్కి వేశారు.

ఆ రోజు నుంచి మేం ముగ్గురం కిటికీలోంచే ఎక్కుతున్నాం, దిగుతున్నాం. బడి ముందు నేను కిటికీలోంచి కాళ్ళు ముందు పెట్టి దిగేటప్పుడు ఎనిమిదో తరగతి మగపిల్లలు వరసగా నిలబడి చూసేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది. అమ్మ చుడీదారు పాంటు కాళ్ళ దగ్గర కుట్టు బిగించి ఇచ్చింది. మావయ్య కొంచెం లావు కాబట్టి నడుము దగ్గర ఇరుక్కునేవాడు. నాన్న లోపల్నుంచి నెట్టేవాడు, నేను బయట్నుంచి లాగేదాన్ని.

అదంతా సర్దుకోవచ్చు. కానీ ఇంజినీరుగారు వెళ్తూ వెళ్తూ నా గొడుగు చూశారు.

"ఇదేమిటి?"

నేను గొడుగు వెనక దాక్కున్నాను. నాన్నే చెప్పాడు. "ఫీజుల పెట్టికి పడతాదండి పాప. అది తడిస్తే లైట్లు పోతాయి. ఘాటీలో లైట్లు లేకపోతే మేం పోతాం."

"నీ ఆవేదన అర్థమైంది. అయితే పైనుంచి వచ్చే ప్రవాహానికి అడ్డుగా నిలిపిన ప్రతిదీ పరీవాహక ప్రాంతంలో అక్రమ నిర్మాణమే. తొలగించక తప్పదు." ఆయన గొడుగును చాలా మర్యాదగా మడిచి తన జీపులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద వాన రోజున బడికి సెలవు ఇచ్చేశారు. మేం బడి దాకా వెళ్ళాకే ఆ సంగతి తెలిసింది. ఒక్కదాన్నే అక్కడ వదల్లేక నాన్న నన్ను కొండ మీదికి తీసుకెళ్ళాడు. పొద్దున్నే అయినా ఘాటులో సాయంత్రంలా ఉంది. నేను లంచ్ బాక్సు మూత ఫ్యూజుల పెట్టె మీద పట్టుకుని కూర్చున్నాను. మూత చిన్నది. ఒక గుడ్డి మలుపు తిరుగుతుండగా టప్పుమని చప్పుడైంది. లైట్లు పోయాయి. రెండుసార్లు ఊగి వైపర్లు ఆగిపోయాయి, హారన్ కూడా పలకలేదు. అద్దం తెల్లగా అయిపోయింది. ఏది రోడ్డో ఏది లోయో తెలియలేదు. నాన్న బండి ఆపేశాడు.

నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. గేరు రాడ్డు మీద రెండో గీత మునిగిపోయింది. పైనుంచి బస్సు హారన్ వినిపించింది, దూరంగా.

"ఇది పాడేరు బస్సే బావా. ఈ మలుపు కాడ వోడు స్లో సెయ్యడు," అన్నాడు మావయ్య. కిటికీలోంచి దూరబోయి ఇరుక్కుపోయాడు. నేను లోపలే ఉన్నాను కాబట్టి బయట్నుంచి లాగేవాళ్ళు లేరు.

నాన్న ఇంజినీరుగారికి ఫోను చేశాడు. ఆయన గొంతు నాకూ వినిపించింది.

"ప్రస్తుత నీటిమట్టం ఎంత?"

"రొండో గీత దాటిపోనాదండి. తలుపు తీయాలండి, బస్సొచ్చీస్తంది."

"కంగారు పడకు. ఇన్‌ఫ్లో ఎంత?"

"బస్సండీ బాబూ!"

"బస్సు ఇన్‌ఫ్లో కిందికి రాదు. దిగువ ప్రాంతాలవారిని అప్రమత్తం చేశావా?"

దిగువ ప్రాంతంలో ఎవరూ లేరు. నాన్న ఫోను నా ఒళ్ళో పడేసి, కాలెత్తి తలుపును, రేకు గట్టుతో సహా, ఒక్క తన్ను తన్నాడు. నీళ్ళూ చేపలూ నాన్నా కలిసే రోడ్డు మీద పడ్డారు. నాన్న లేచి, నెత్తికి చుట్టుకున్న ఎర్ర తువ్వాలు విప్పి ఊపుతూ మబ్బులోకి పరిగెత్తాడు. నాన్న ఇక నాకు కనిపించలేదు. బ్రేకులు కీచుమన్న చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది.

నేను దిగి పరిగెత్తాను. బస్సు బంపరుకీ నాన్న ఛాతీకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. నాన్న ఇంకా తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు.

"లైట్లు నేకుండా మలుపులో బండెట్టీసి సావడానికొచ్చినావేట్రా!" అని బస్సు డ్రైవరు అరుస్తూ దిగాడు. మా లారీ దాకా వచ్చి కాళ్ళ వైపు చూసుకున్నాడు. "ఇదేటి సోద్దెం? రోడ్డు మీద సేపలేట్రా?"

కిటికీలోంచి ఊడిపడిన మావయ్య అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని చేపల్ని నా లంచ్ బాక్సులోకి ఏరుతున్నాడు. "గవర్మెంటు సేపలు బాబూ. ఓటి తగ్గినా మా మీద రాసీస్తారు. మీరూ ఓ సెయ్యెయ్యండి." బస్సులో వాళ్ళంతా దిగి చేపలు ఏరారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నాన్న పెరట్లో తువ్వాలు పిండడానికి నిలబడ్డాడు. పిండిన తువ్వాలే మళ్ళీ మళ్ళీ పిండుతుండడం అమ్మ చూసింది. నా వైపు చూసింది. నేను చెప్పేశాను. నాకు అన్ని మాటలు ఒకేసారి రావడం అదే మొదలు. అమ్మ లోపలికెళ్ళి పనిముట్ల సంచీ తెచ్చి నాన్న ముందు పెట్టింది.

"పద. మూసీయ్."

"పర్మిసన్ లేదే."

"నానిచ్చినాను కదా. ఎక్కు."

మావయ్య సైకిలేసుకుని వెళ్ళి వాషర్లు తెచ్చాడు. దీపాలు పెట్టే వేళకి పనైపోయింది. అమ్మే స్వయంగా బిందెతో నీళ్ళు పోసి చూసింది. ఒక్క చుక్క దిగలేదు.

వారంలో నాన్నకి మెమో వచ్చింది. ముందస్తు హెచ్చరిక లేకుండా నీటిని విడుదల చేసి, దిగువన బస్సు ప్రయాణికుల చెప్పులు ముంపునకు గురి కావడానికి కారకుడైనందుకు ఎందుకు ఉద్యోగం నుంచి తీసేయకూడదో చెప్పాలన్నారు. నాన్న జవాబు ఆలోచించేలోపే ఇంకా పెద్ద సంగతి బయటపడింది. వానలు దంచి కొడుతున్నా జలాశయంలోకి నీరు రావడం లేదు.

మేనేజరుగారు కంగారుపడి ఇంజినీరుగారిని పిలిపించారు. ఇద్దరూ పొడి క్యాబిన్‌ని చాలాసేపు చూశారు. కంత మూసేసి ఉండవచ్చని వాళ్ళకి తట్టలేదు. మూయడం నేరం కాబట్టి ఎవరూ మూసి ఉండరు. అనుమతి ఇవ్వలేదు కాబట్టి మరమ్మతు జరిగి ఉండదు. వాన పడుతోంది, కానీ క్యాబిన్‌లో పడడం లేదు. ఇక మిగిలింది ఒకటే కారణం. క్యాబిన్‌ని కరువు ప్రాంతంగా ప్రకటించారు.

కరువు పరిశీలన బృందం మా ఇంటి ముందుకు వచ్చిన రోజు కూడా కుండపోత వాన. గొడుగులు పట్టుకుని వచ్చి, అద్దం లోంచి పొడిగా ఉన్న నేలను ఫోటోలు తీసుకున్నారు. బృందానికి పెద్ద ఒక మేడం. ఆవిడ నాన్న భుజం మీద చెయ్యి వేసి, "చెప్పన్నా, ఈ పరిస్థితి ఎప్పటి నుంచి?" అని అడిగారు.

నాన్న నా వైపు, అమ్మ వైపు చూశాడు. ఆయనకి అబద్ధం రాదు. "మేమే మూసీసినామండి. వాషర్లేసీసినాం. పిల్లతో కలిసి సచ్చిపోబోయినాం, అందికని."

మేడం కళ్ళు చెమర్చాయి. పక్కనున్న వాళ్ళతో మెల్లగా అన్నారు. "చూశారా? కరువు బాధితులు తప్పంతా తమదేనని నమ్మే దశకు వస్తారు. చావు మాటలు కూడా వస్తున్నాయి. మెమోలూ అవీ ఉంటే వెంటనే ఆపేయండి. కౌన్సెలింగ్ ఇప్పించండి. పాప కూడా బాగా నీరసంగా ఉంది, రోజుకో గుడ్డు పెట్టించండి."

"నిజంగానే మూసేశాం మేడం," అన్నాను నేను. నా గొంతు నాకే వినిపించింది.

మేడం నా తల నిమిరి, "రోజుకు రెండు," అన్నారు.

నాన్న ఉద్యోగం నిలబడింది. వారానికోసారి ఒకాయన వచ్చి నాన్నని కూర్చోబెట్టి, కరువు నీ తప్పు కాదు అని చెబుతున్నాడు. మొదట్లో నాన్న వాదించేవాడు. ఇప్పుడు తొందరగా అయిపోతుందని ఒప్పేసుకుంటున్నాడు. కరువు సహాయం కింద ఒక ట్యాంకరు మంజూరైంది. రోజూ పొద్దున్నే మా బడి ముందు అది లారీ పక్కన ఆగి, కిటికీలోంచి గొట్టం పెట్టి, క్యాబిన్‌లో చీలమండ దాకా నీళ్ళు నింపుతుంది. కొత్త చేపలు కూడా ఇచ్చారు. తలుపు మీద పాత రాత చెరిపేసి 'కరువు ప్రాంతం - నీటిని పొదుపుగా వాడండి' అని రాశారు.

"ఇదేటి కరమ బావా, పైన మూసుకుంటే కిటికీలోంచి పోస్తన్నారు," అంటాడు మావయ్య.

"పొయ్యనీరా. కాళ్ళు తడిస్తే తుడుసుకుంటాం."

ఈ రోజు కూడా పెద్ద వాన. కాసేపు ఆగి నింపుదామంటే ట్యాంకరు డ్రైవరు ఒప్పుకోలేదు. కరువు సహాయం ఆలస్యమైతే ఆయన ఉద్యోగానికి ముప్పట. వానలో తడుస్తూనే నీళ్ళు పోశాడు. మధ్యలో తరిగిపోతే మళ్ళీ పోయాలని ట్యాంకరు కూడా లారీ వెంట కొండెక్కింది. నేను బడి వరండాలో నిలబడి చూశాను. మబ్బు రోడ్డు మీదికి దిగిపోయింది. లారీ కనిపించలేదు, ట్యాంకరు కనిపించలేదు. గుడ్డి మలుపు దాకా నాన్న హెడ్‌లైట్లు రెండింటి వెలుగు మాత్రం ముందు మబ్బు మీద కనిపించింది.

బడి ఫోనులోంచి అమ్మకి ఫోను చేసి, గుమ్మంలోంచి కదిలి వెళ్ళి అన్నం తినమని చెప్పాను.